గానుగ విడిచినను తిరిగిన గుఱ్ఱము



మధ్యాహ్న భోజనములైన పిదప వంటయింటి తలుపు చేరవేసి, మరల సాయంకాలపు వంటకు లేచువఱకు మనకు దొరకు కొంచెపు తీరికలో చదువుకొనదగిన గ్రంథములను గుఱించి ఈ శీర్షిక క్రింద మాసమాసము ముచ్చటించుకొనుచున్నాము. చాలవఱకు మన పురాణేతిహాసములను, ప్రబంధములను గుఱించియే వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసము దూరదేశపు గ్రంథమొకటి మమ్ము పట్టుకొని విడువకున్నది. ఉపాధ్యాయులైన మా యింటివారు దానిని పాఠశాల గ్రంథాలయమునుండి తెచ్చిరి. ఆంగ్లము మాకు స్వల్పముగా వచ్చును. అర్థము కానిచోట్ల వారు చదివి చెప్పిరి. అది యొక కథల సంపుటము. అందు యుద్ధములు లేవు, హత్యలు లేవు, అద్భుతములు లేవు. ఇండ్లున్నవి, ఇండ్లలో మనుష్యులున్నారు, వారికి జరుగవలసియుండియు జరుగని సంగతులున్నవి. ఇంత చిన్న సంగతులు చదివి ఇంత కలత చెందుటకు కారణమేమని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. ఆ కారణమును చివర విన్నవింతుము. ముందు కథలను గుఱించి చెప్పనిండు.

గ్రంథము పేరు 'డబ్లినర్సు', అనగా డబ్లిన్ నగరవాసులని యర్థము. కర్త జేమ్సు జాయిస్. ఈయన 1882లో ఐర్లాండు రాజధానియగు డబ్లిన్‌లో పుట్టి, 1941లో స్విట్జర్లాండు దేశమందలి జూరిచ్ నగరమున కాలధర్మము నొందెను. సంపుటములో 15 కథలున్నవి. వానిలో మూడు మొదట 1904లో 'ఐరిష్ హోమ్‌స్టెడ్' అను వారపత్రికలో వెలువడినవి. ఆ పత్రిక పాడిరైతుల సహకార సంఘముల ఉద్యమమునకు చెందినది. కథకు ఒక పౌను ప్రతిఫలము. చదువరులు తమకు నచ్చలేదని ఉత్తరములు వ్రాయగా, సంపాదకుడు మూడవ కథతో ఇక చాలునని చెప్పెను. పిమ్మట లండనులోని ప్రచురణకర్త యొకడు సంపుటమును వేయుదునని యొప్పుకొని 1906లో వెనుకంజ వేసెను. డబ్లిన్‌లో మఱియొకరు అచ్చు వేయింపగా, 1912లో ముద్రాపకుడు అచ్చయిన కాగితములను నాశనము చేసెను. తుదకు 1914 జూన్‌లో, మొదట వెనుదీసిన ఆ లండను ప్రచురణకర్తయే గ్రంథమును లోకమునకు తెచ్చెను. అద్దము చూపినవానిపై అలుగుట ఏ దేశమందైనను నున్నదే. జాయిస్ తానును ఆ మాటయే యనెను: డబ్లిన్ ప్రజలు తమ ముఖమును చూచుకొనుటకు బాగుగా తుడిచిన యద్దమును తానిచ్చుచున్నానని ప్రచురణకర్తకు వ్రాసెను. తన దేశమునకు పట్టిన పక్షవాతమునకు ఈ నగరమే కేంద్రముగా తోచుటచేత దీనిని కథాస్థలముగా నెన్నుకొంటినని కూడ తెలిపెను.

పక్షవాతమను మాట కఠినమైనది. ఆ నగరమునకు అది యెట్లు పట్టెనో తెలిసికొననిచో కథలు అర్థము కావు. 1800లో చేయబడిన ఏకీకరణ శాసనము వలన మఱుసటి సంవత్సరము మొదలుకొని ఐర్లాండునకు ప్రత్యేక శాసనసభ లేకపోయెను. సభతోపాటు ప్రభువులును ధనికులును లండనునకు తరలిరి. వారు విడిచిన యెత్తైన మేడలు గదుల లెక్కన అద్దెలకీయబడి, గది కొక సంసారముగా నిండిపోయెను. 1845లో బంగాళాదుంపల పైరునకు తెగులు తగిలి మహాక్షామము కలుగగా సుమారు 10 లక్షల మంది మరణించిరి; మఱి 10 లక్షల మంది ఓడలెక్కి పరదేశములు పట్టిరి. నాటినుండి ఆ దేశమున వలసపోవుట ఇంటింటి యాచారమయ్యెను. స్వపరిపాలనకై పోరాడిన పార్నెల్ అను మహానాయకుడు వివాహితయగు నొక స్త్రీతోడి సంబంధము బయల్పడుటచేత 1890లో నాయకత్వము కోల్పోయి, మఱుసటి యేట మరణించెను. ప్రజలు రెండు పక్షములై ఒకరినొకరు నిందించుకొనుటతో పదియేండ్లు గడచిపోయెను. 1913 సెప్టెంబరులో చర్చి వీధిలో పాత మేడలు కూలి 7 మంది చనిపోగా విచారణ జరిగెను. ఒక్కొక్క గదిలోనే కాపురముండు కుటుంబములు ఆ నగరమున 20,000కు పైగా నున్నట్లు అప్పుడు తేలెను.

జాయిస్ కథలలో కనబడువారిలో హెచ్చుమంది ఆ గదులలోని నిరుపేదలు కారు. వారి కొక మెట్టు పైనున్నవారు: గుమాస్తాలు, చిల్లర వ్యాపారులు, సంగీతము చెప్పి బ్రదుకువారు, పూటకూళ్ల యింటివారు. క్రింది మెట్టునకు జాఱుదుమేమో యను భయముచే, ఉన్న మెట్టును రెండు చేతుల పట్టుకొన్నవారు. మెట్టును పట్టుకొన్న చేతులతో వారు ఇంకేమి చేయగలరు? ఆ జాతి స్తంభించుటకు మాకు తోచిన మొదటి కారణమిదియే.

మొదటి కథలో ఒక బాలునికి చదువు చెప్పిన ముసలి మతగురువు మూడవసారి పక్షవాతము తగిలి మరణశయ్యపై నుండును. బాలుడు రాత్రులందు వీధిలో నిలిచి, వెలుగుచున్న ఆ కిటికీని చూచుచు, ఆ రోగము పేరును తనలో తాను పలుకుకొనును. ఆ మాట వానికి భయము గొలుపును; అయినను దాని పని యేమో దగ్గఱగా చూడవలెనని యుండును. సంపుటమంతయు ఆ బాలుని చూపే. కథకు పేరు 'అక్కచెల్లెండ్రు'. ఆ గురువునకు సేవచేసిన యిద్దఱు తోబుట్టువులు తుదిలో అతిథులకు ఉపచారములు చేయుచు, పోయినవానిని గుఱించి చెప్పుకొందురు. వారి బ్రదుకెట్టిదని కథలో ఎవరును అడుగరు. పేరు వారిది, కథ మఱియొకరిది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు.

ఇక మా మనస్సును పట్టుకొన్న కథ 'ఈవ్లిన్'. చాల చిన్నది. ఈవ్లిన్‌కు పందొమ్మిదేండ్లు దాటినవి. సాయంకాలము కిటికీ యొద్ద కూరుచుండి వీధి చూచుచున్నది. తెరల దుమ్ము వాసన ఆమెకు సోకుచున్నది. వారమున కొకమాఱు ఇల్లంతయు దులిపినను ఆ దుమ్ము తీఱదు. గోడపై ఒక మతగురువు ఛాయాపటము పసుపువన్నెకు తిరిగినది. ఆయన తండ్రికి చిన్ననాటి స్నేహితుడు, ఇప్పుడు ఆస్ట్రేలియాలో నున్నాడు. ఇన్నేండ్లు ఆ పటమును తుడిచిన ఈ పిల్లకు ఆయన పేరైనను తెలియదు. దాని క్రింద విఱిగిన హార్మోనియము. దుకాణములో పనిచేసి వారమునకు తెచ్చు 7 షిల్లింగులును తండ్రి చేతిలో పోయును. సరకులకు మరల అడిగినప్పుడు దుబారా మనిషివని తిట్లు తినును. తల్లి లేదు. ఒక అన్న చనిపోయెను. మఱియొకడు పనిమీద ఊరూర తిరుగును. ఇద్దఱు పసివారి భారము ఈమెది. అన్నలను కొట్టిన తండ్రి యిప్పుడు ఈమెను బెదరించుచున్నాడు.

ఫ్రాంక్ అను నావికుడు ఆమెను పెండ్లాడి దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిర్సు నగరమునకు తీసికొనిపోదునని చెప్పినాడు. ఆ రాత్రియే ఓడ. ఒడిలో రెండు ఉత్తరములున్నవి, ఒకటి అన్నకు, ఒకటి తండ్రికి. ఇంతలో వీధిలో ఒకడు వాద్యపు పెట్టె త్రిప్పుచు పాట వాయించును. తల్లి మరణించిన రాత్రియు ఇట్టి పాటయే వినబడెను. ఆ రాత్రి తల్లికి ఈమె మాట యిచ్చినది, చేతనైనంతకాలము ఈ సంసారమును చెదరనీయనని. ఆ తల్లి యెట్లు పోయినది? దినదినము తన్ను తాను కొంచెము కొంచెముగా ఆ యింటికే యిచ్చి, తుదకు మతి చెడి పోయినది. ఆమెను తినివేసిన బ్రదుకునే కూతురు కాపాడుదునని ఒట్టు పెట్టుకొన్నది. చదువుచున్న మేము ఇచ్చట పుస్తకమును మూసితిమి.

కథ రేవులో ముగియును. ఓడ కదలుటకు గంట కొట్టినది. అతడు ముందు నడచి రమ్మని పిలుచుచున్నాడు. ఆమె ఇనుప కమ్మిని పట్టుకొని విడువలేకపోయినది. పోనని చెప్పలేదు, పోవుదుననియు చెప్పలేదు. అతడెంత పిలిచినను ఆమె చూపులో అతనికి బదులేదియు దొరకలేదు.

ఫ్రాంక్ మంచివాడో కాడో కథకుడు చెప్పడు. అతని మాటలు నమ్మదగినవి కావని శంకించిన విమర్శకులు కూడ కలరు. కావున ఆమె పోకపోవుటయే మేలైనదేమో. మేము దుఃఖించినది పోనందులకు కాదు. ఆ నిముసమున ఆమెయందు నిర్ణయించు మనిషియే లేకపోయెనే యని. మన యహల్యను శిలయైనదని వాడుకలో చెప్పుకొందుము. వాల్మీకి శిలయని చెప్పలేదు. గాలియే యాహారముగా, బూడిదయే శయ్యగా, ఏ ప్రాణికిని కనబడక ఆ యాశ్రమముననే యుండునని చెప్పెను. దుమ్ములో బ్రదుకుచు, ఎవరికిని కనబడక, తన యింటనే తాను అదృశ్యయైన ఈ డబ్లిన్ కన్యను చూచినప్పుడు ఆ శాపము మాకు స్ఫురించెను. అహల్యకు గడువైనను చెప్పబడినది. ఈమెకు శాపమిచ్చిన ముని లేడు, గడువును లేదు.

తక్కిన కథలలోను ఈ దుమ్మే వేఱువేఱు రూపముల కనబడును. 'ప్రతిరూపములు' అను కథలో ఫారింగ్టన్ అను గుమాస్తా కచేరీలో దొరచేత అవమానపడి, గడియారము కుదువబెట్టి 6 షిల్లింగులు తెచ్చి, స్నేహితులతో త్రాగి, బలపరీక్షలో ఒక కుఱ్ఱవానిచేత ఓడి యింటికి వచ్చును. పొయ్యిలో నిప్పు ఆఱిపోయినది. ఆ నెపమున చిన్నకొడుకును బెత్తముతో బాదును. కొట్టవలదనియు, తన కొఱకు ప్రార్థన చేసెదననియు పసివాడు మొఱపెట్టును. పైనుండి పడిన దెబ్బ క్రిందికి క్రిందికి దిగివచ్చి, ఇక దిగుటకు చోటులేని చోట బిడ్డ వీపుమీద నిలుచును. దేశమున చెడుగు పెరిగినదని మనము పెద్దమాటలు చెప్పుకొందుము. ఆ చెడుగు నడచివచ్చు త్రోవ ఇది.

'మన్ను' అను కథలో మేరియా యను అవివాహిత బట్టలుతుకు నొక ధర్మశాలలో పనిచేయుచుండును. తాను పెంచిన పిల్లవాడిప్పుడు సంసారి. పండుగనాడు వాని యింటికి మిఠాయిలు కొనుకొని పోవును. మంచి మాటలాడిన యొక పెద్దమనిషి ముందు తడబడి, తాను కొన్న విలువైన రొట్టెను ట్రాములో మఱచిపోవును. ఇంటిలో పిల్లలు ఆమె కండ్లకు గంతకట్టి శకునపు ఆట ఆడింతురు. పళ్లెములో ఉంగరము చేతికి తగిలినచో పెండ్లి, ప్రార్థన పుస్తకమైనచో సన్న్యాసము. ఆమె చేతికి తగిలినది తడిమన్ను. దాని యర్థము మృత్యువు. పెద్దవారు కంగారుపడి పళ్లెము మార్తురు. తరువాత ఆమె పాట పాడుచు, రెండవ చరణమునకు బదులు మొదటి చరణమునే మరల పాడును. తప్పు పాడితివని ఎవరును చెప్పలేదు. ఆ మౌనము దయయే. అయినను ఆమెను అక్కడనే నిలిపినది కూడ అట్టి దయలే.

'ఒక తల్లి' యను కథను మన సోదరీమణులు ప్రత్యేకముగా చదువవలెను. మిసెస్ కెర్నీ తన కుమార్తె నాలుగు కచేరీలలో పియానో వాయించుటకు 8 గినీలని ఒడంబడిక వ్రాయించుకొన్నది. ఏర్పాట్లు చేసినది జాతీయాభ్యుదయమునకై వెలసిన సంఘము. కచేరీలలో ఒకటి మానివేసిరి, జనము రాలేదు. సొమ్మడిగిన తల్లిని ఒకరి మీద నొకరు చెప్పి తిప్పిరి. ఆమె సభామధ్యమున పట్టుబట్టగా, కొంత చేతబెట్టి మిగిలినది ఎగవేసిరి. పైగా ఆమె మర్యాద తెలియనిదని అందఱు తేల్చిరి. ఆమెయు అహంకారము లేనిది కాదు. జాయిస్ ఆమెను దేవతగా చూపలేదు. అయినను దేశమును మేల్కొల్పుదుమనువారు ఒక యాడుపిల్లకు వ్రాసియిచ్చిన కూలిని చెల్లింపకపోవుట గమనింపదగినది. పాతదానిని నిలుపుచోటనే కాక, క్రొత్తదానిని చాటుచోటను ఆ జాడ్యము ప్రవేశించెను.

ఇప్పుడు ఈ వ్యాసమునకు మకుటమైన గుఱ్ఱమును గుఱించి చెప్పెదము. సంపుటములో చివరిది, అన్నిటికంటె పెద్దది 'మృతులు' అను కథ. జాయిస్ దీనిని 1907లో ఇటలీ సముద్రతీరమున నున్న ట్రియెస్తు నగరమున, నాటికది ఆస్ట్రియా యేలుబడిలో నుండగా, వ్రాసి ముగించెను. అందు ఒక విందు ముగిసిన పిదప గాబ్రియేల్ అనునతడు తన పూర్వుని గుఱ్ఱపు కథ చెప్పి అందఱను నవ్వించును. ఆ పెద్దాయనకు బట్టలకు పెట్టు గంజిపిండి తయారుచేయు మర యుండెను. గుఱ్ఱము దానికి కట్టబడి దినమంతయు గుండ్రముగా తిరిగి మరను త్రిప్పుచుండును. మన గానుగెద్దువంటిదే. ఒకనాడు పెద్దాయన మంచి దుస్తులు ధరించి, గుఱ్ఱమును బండికి పూన్చి, ఉద్యానవనమున సైన్యపు కవాతు చూడ బయలుదేరెను. గుఱ్ఱము బాగుగనే పోయినది, నడివీధిలో విలియం రాజు విగ్రహము కనబడు వఱకు. అది కనబడగానే మర యొద్దనే యుంటిననుకొన్నదో యేమో, విగ్రహము చుట్టును తిరుగ మొదలిడెను. యజమాని యెంత అదలించినను మానదు. చుట్టును, చుట్టును.

విందులోనివారందఱు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ విగ్రహము 1690లో బాయిన్ నది యొద్ద ఐర్లాండు ప్రజలలో పెక్కురి పక్షము నోడించిన ఇంగ్లాండు రాజుది. మర లేదు, కాడి లేదు, ఎదుట తెఱపియైన వీధి యున్నది. అలవాటైన కాళ్లు తమను గెలిచినవాని చుట్టును ప్రదక్షిణము చేయుచున్నవి. విగ్రహములు తీసివేయవచ్చును, ఆ విగ్రహమును 1929లో తీసివేసిరి కూడ. కాళ్లలోని వలయమును తీసివేయుట యెట్లు? ఈ సంపుటము మొత్తము ఆ ప్రశ్నయే.

న్యాయముగా ఇంకొక మాట చెప్పవలెను. డబ్లిన్ అంతయు ఇట్లే యుండెనని యెవరైనను తలచినచో పొరపాటు. ఆ 1904లోనే అచ్చట అబ్బే నాటకశాల తెఱవబడినది. 1908లో హన్నా షీహి స్కెఫింగ్టన్, మార్గరెట్ కజిన్సు మొదలగు స్త్రీలు ఓటుహక్కునకై సంఘమును స్థాపించిరి. 1916లో స్వాతంత్ర్యమునకై ఆయుధములు పట్టిన తిరుగుబాటు జరిగెను. జాయిస్ చూపిన నిద్రలోననే మేలుకొలుపును కదలుచుండెను.

పైని చెప్పిన మార్గరెట్ కజిన్సు మనకు పరాయి మనిషి కాదు. ఈమె 1878లో ఐర్లాండులో పుట్టి, డబ్లిన్‌లో సంగీతశాస్త్రమభ్యసించి 1902లో పట్టము పొందినది. మఱుసటి యేట జేమ్సు కజిన్సు అను కవిని వివాహమాడినది. 1904 వేసవిలో నిలుకడయైన బస లేక తిరుగుచున్న జాయిస్ కొద్దికాలము ఈ దంపతుల యింట అతిథిగా నుండెను. ఆ సెప్టెంబరులో ఈవ్లిన్ కథ అచ్చయ్యెను. ఆ అక్టోబరులో జాయిస్ దేశము విడిచిపోవుచుండగా, హోటలులో పనిచేయు నోరా బార్నకిల్ అను పిల్ల అతనితో ఓడ ఎక్కినది. కథలో కన్య కమ్మిని విడువలేదు. కథ వెలుపల కన్య విడిచినది.

మార్గరెట్ ఓటుహక్కు పోరాటమున 1910లో లండనులోను, 1913లో ఐర్లాండులోను చెఱసాలకు పోయి, 1915లో భర్తతో భారతదేశమునకు వచ్చినది. 1917లో అడయారులో భారత మహిళా సంఘము స్థాపించినవారిలో నొకరు. 1927లో అఖిల భారత మహిళా సభ యేర్పడుటకు ముఖ్యులు. భర్త మన రాయలసీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అచ్చటికి విచ్చేసి 'జనగణమన' గానము చేయగా, దానికి స్వరలిపి కూర్చినది ఈమెయే. ఈవ్లిన్ యింట హార్మోనియము విఱిగి మూలబడిన నగరమునుండియే ఈ వాద్యపు చేతులు మన యూరికి వచ్చినవి.

దీనిని చెప్పి, పిఱికివారు నిలిచిరి, ధీరలు కదలిరి యని తీర్పు చేయుట మా యుద్దేశము కాదు. మార్గరెట్‌కు విద్య కలదు, అనుకూలుడగు భర్త కలడు, సభలలో స్నేహితురాండ్రు కలరు. ఈవ్లిన్‌కు 7 షిల్లింగులు, అవియు తండ్రివి. కాలు కదలుటకు మనస్సొక్కటి చాలదు, కాలు మోపుటకు చోటు కావలెను. ఆ చోటు నిచ్చునది సంఘము, కుటుంబము, పొరుగువారు. అనగా మనము.

ఇప్పుడు మా కలతకు కారణము చెప్పెదము. పదునొకండేండ్ల క్రిందట మా వీధిలో ఒక బాలిక యుండెను. చదువులో చుఱుకు. దూరపు నగరమున నర్సు చదువునకు చోటు దొరకినది. అదే సమయమున తల్లి కీళ్లవాతముతో మంచము పట్టినది. ఇంటివారు మమ్ము సలహా యడిగిరి, మేము చదువుకొన్నవారమని. మేము శ్రవణకుమారుని కథ చెప్పి, తల్లిసేవకు మించిన చదువు లేదంటిమి. బాలిక తల వంచుకొని విన్నది. మా మాట చెల్లినదని సంతోషించితిమి కూడ. నాలుగేండ్లకు తల్లి పోయినది. నాటినుండి ఆమెకు అడ్డమెవ్వరును లేరు. అన్నగారి యింటిలో వంట, పిల్లల పెంపకము. ఏమమ్మా, ఏదైన చదువరాదా యని యెప్పుడైన అడిగినచో, "ఇప్పుడేమిటిలెండి, అక్కయ్యగారూ" అని నవ్వును. గుఱ్ఱపు కథ చదివిన దినమున మాకు ఆ నవ్వే కనబడినది.

గత వారము ఆమెను పిలిచి, కూరలు తఱుగుచునే ఈవ్లిన్ కథ చెప్పితిమి. చెప్పి, ఆనాటి మా సలహా తప్పైనదేమో, మన్నింపుమంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత ఇట్లన్నది: "అమ్మకు నేను చేసినదానికి నాకు విచారం లేదండీ. పొమ్మన్నా బహుశా ఉండిపోయేదాన్నే. కాని నీకేం కావాలని ఆ రోజున నన్నెవరూ అడగలేదు. మీరు కూడా అడగలేదు. అడిగి ఉంటే ఉంటానని నా నోటితో నేనే చెప్పేదాన్ని. అప్పుడు అది నాది అయ్యేది."

సోదరీమణులారా, ఇన్ని కథలు చదివి మేము తెలిసికొనలేని సంగతిని ఆమె రెండు మాటలలో తేల్చినది. ఉండుట వేఱు, ఉండిపోవుట వేఱు. తానెన్నుకొని యింట నిలిచిన స్త్రీకి ఆ యిల్లు కర్మభూమి. అడుగకయే నిలుపబడినదానికి అదే గానుగ. బయటనుండి చూచువారికి రెండును ఒక్కతీరుగనే యుండును. రెండింటను అదే పొయ్యి, అదే చీపురు. భేదమంతయు ఆమెను ఒకమాఱైనను అడిగిరా లేదా యనుటయందున్నది. శ్రవణకుమారుడు కావడి తానెత్తుకొన్నాడు. ఎవరును అతని భుజమున పెట్టలేదు. ఆ కథ చెప్పిన మాకు ఈ సంగతి ఆనాడు తోచకపోయెను.

డబ్లిన్ కథలలో ఎవరు ఎవరిని అడిగిరి? ముసలి గురువు తోబుట్టువులను అడుగలేదు, మేరియాను అడుగలేదు, ఈవ్లిన్‌ను తల్లియు తండ్రియు అడుగలేదు. అడుగబడని మనిషికి క్రమముగా తన కేమి కావలెనో తనకే తెలియకుండపోవును. అట్టివారు వేలమంది కూడినదే స్తంభించిన నగరము. శాసనసభ తరలిపోవుటయు, క్షామమును, పరపాలనమును దానికి గొప్ప కారణములే. అవి మన చేతిలోనివి కావు. ఇంటిలో అడుగుట మాత్రము మన చేతిలోనిది.

కావున ఈ మాసము మా విన్నపమొక్కటే. మీ యింట ఎవరో ఒకరు, కూతురో, మఱదలో, కోడలో, పెండ్లికాని అక్కయో, ఏండ్ల తరబడి ఒకే చోట తిరుగుచుందురు. ఆమె మంచిదని అందఱును మెచ్చుకొనుచుందురు. ఒక మధ్యాహ్నము పని చాలించి ఆమె ప్రక్కన కూరుచుండి, నీకేమి కావలెనని యడుగుడు. వెంటనే బదులు రాకపోవచ్చును. మా వీధి చెల్లెలికి బదులు చెప్పుటకు పదునొకండేండ్లు పట్టినది. తొందరపెట్టకుడు, మరల యడుగుడు.

ఆమె లేచిపోవుచు ఆ పుస్తకమును రెండు దినములు తన యొద్ద నుంచుకొందునని తీసికొనిపోయినది. ఇది వ్రాయునాటికి ఇంకను తిరిగి యీయలేదు. గ్రంథాలయమువారికి జుల్మానా మేము కట్టుకొందుము.